బిల్డ్ ఫోల్డర్ లేపేస్తే తప్పు పోదు

సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో సీనియర్లు జూనియర్లకు పంచిపెట్టే ఉచిత సలహాల్లో ఒకదానికి ఉన్నంత చెలామణి మరి దేనికీ లేదు. ప్రాజెక్టు కట్టేటప్పుడు అంతుపట్టని ఎర్రర్ ఒకటి వస్తుంది. నిన్న నడిచింది ఇవాళ నడవదు. పక్క సీట్లో వాడికి నడుస్తుంది, మనకు నడవదు. గ్రూపులో అడిగితే నిమిషం తిరక్కుండా జవాబు: "బిల్డ్ ఫోల్డర్ మొత్తం లేపేసి మళ్లీ కొట్టు తమ్మీ." లేపేస్తాం. బిల్డ్ ఫైళ్లన్నీ మొదటి నుంచి పుట్టిస్తాం. ల్యాప్‌టాప్ ఫ్యాను గంటో రెండు గంటలో గిర్రున తిరుగుతుంది. ఎర్రర్ మాయమవుతుంది. సీనియర్‌కు బొటనవేలి బొమ్మ ఒకటి, మనకు సగం పూట నష్టం, కథ కంచికి.

మేడిపల్లిలో కూర్చుని పని చేసేవాడిగా ఈ సలహాతో నాకు పాత వైరమే ఉంది. వట్టి చిరాకే అయితే ఇంట్లో దాచుకునేవాణ్ని. కానీ ఇప్పుడది సిద్ధాంతం హోదాకు ఎక్కింది. "మిషన్లు చవక, మనిషి టైము ఖరీదు. మొదటి నుంచి కట్టిందే నమ్మాలి. బిల్డ్ ఫైళ్ల మీద బుర్ర పెట్టడం దండగ, అసలు పని కోడ్‌లో ఉంది" అని కొత్తగా చేరిన పిల్లలకు మొదటి వారంలోనే నూరిపోస్తున్నారు. వినడానికి బాగానే ఉంటుంది. నిలబెట్టి అడిగితే ఒక్క ముక్కా నిలవదు.

ఈ రంగం తెలియనివారి కోసం కొంత చెప్పాలి. పెద్ద ప్రాజెక్టులో ఫైళ్లు వేలల్లో ఉంటాయి. ఏ ఫైలు మారితే ఏవేవి మళ్లీ కంపైల్ కావాలో చెప్పే పట్టిక ఒకటి కావాలి. అదే బిల్డ్ ఫైలు. చిన్న ప్రాజెక్టుకైతే చేత్తో రాసుకోవచ్చు. పెద్దదానికి అది అయ్యే పని కాదు. అందుకని మనం పొట్టిగా ఒక వివరణ రాసిస్తే ఆటోకాన్ఫ్, సీమేక్, జీఎన్ వంటి జనరేటర్లు అసలు పట్టికను పుట్టిస్తాయి. ఆ పట్టికను చదువుకుని మేక్ గానీ నింజా గానీ పని నడిపిస్తుంది. మనం రాసిన వివరణ మారితే పట్టిక మళ్లీ పుట్టాలి, పట్టిక మారితే దానికి సంబంధించిన ముక్కలు మళ్లీ కట్టాలి. గొడవంతా ఈ రెండంచెల మధ్యే. పుట్టించాల్సినప్పుడు పుట్టించకపోతే పాత పట్టికతో కొత్త ప్రోగ్రామ్ తయారవుతుంది. అక్కర్లేనప్పుడు పుట్టిస్తే పనంతా మొదటికొస్తుంది.

అసలు ఈ పట్టిక ఎందుకు వచ్చిందో గుర్తు చేసుకుంటే మన సీనియర్ల సలహా ఎంత వెనక్కి నడుస్తోందో తెలుస్తుంది. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ మేక్ రాశాడు. దానికి కారణం ఆయనే చెప్పుకున్నాడు. యాక్ అనే పనిముట్టు రాసిన స్టీవ్ జాన్సన్ ఓరోజు తన అదృష్టాన్ని తిట్టుకుంటూ ఫెల్డ్‌మన్ గదిలోకి వచ్చాడు. తప్పే లేని ప్రోగ్రామ్‌లో తప్పు వెతుకుతూ ఒక ఉదయమంతా పోగొట్టుకున్నాడు. తప్పును ఆయన అంతకుముందే సరిచేశాడు, సరిచేసిన ఫైలును కంపైల్ చేయడం ఒక్కటే మరిచాడు. ముందు రోజు సాయంత్రం ఫెల్డ్‌మన్‌కూ అదే గతి పట్టి ఉంది. దాంతో ఆ వారాంతంలో మేక్ తొలి రూపం తయారైంది. 2003లో ఏసీఎం వారు దానికి సాఫ్ట్‌వేర్ సిస్టమ్ అవార్డు ఇచ్చారు. ఆ రోజు వాళ్ల ముందూ "అన్నీ లేపేసి మళ్లీ కట్టు" అనే దారి తెరిచే ఉంది. అప్పటి ప్రోగ్రాములు ఇప్పటివాటి ముందు చీమంత. అయినా ఆ దారి పట్టలేదు. ఏది దేని మీద ఆధారపడి ఉందో రాసి పెడదాం, యంత్రమే చూసుకుంటుంది అన్నారు. యాభై ఏళ్ల తర్వాత, అంతకంటే చాలా తెలివైన పనిముట్లు చేతిలో పెట్టుకుని, మేక్ రాకముందు రోజుల పద్ధతిని అనుభవజ్ఞుల సలహాగా చెప్పుకుంటున్నాం.

మిషన్లు చవక అనే మాట సంగతి చూద్దాం. ఎవరి మిషన్లు? ఆండ్రాయిడ్ మూలకోడ్ కట్టేవాళ్ల కోసం గూగుల్ ఇచ్చిన లెక్క చూడండి. 72 కోర్లు, 64 జీబీ ర్యామ్ ఉన్న తమ యంత్రాల మీద మొత్తం కట్టడానికి సుమారు 40 నిమిషాలు. మారిన ముక్కలనే కడితే కొద్ది నిమిషాలు. అదే 64 జీబీ ర్యామ్‌తో 6 కోర్ల యంత్రమైతే మొత్తానికి సుమారు 6 గంటలు. డిస్క్ మీద 400 జీబీ ఖాళీ ఉండాలి. మాదాపూర్‌లో సర్వర్ గది పక్కన కూర్చున్నవాడు "లేపేసి కొట్టు" అంటే వాడికి ఒక టీ బ్రేక్. అదే సలహా పాటించే ఇంకొకరికి పగలంతా పోతుంది. కొండగట్టు పక్కన నాచుపల్లిలో 2007 నుంచి జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. అక్కడి పిల్లలు ఏ ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులోనో చేయి పెడదామనుకుంటే ఏ ల్యాప్‌టాప్‌తో మొదలుపెడతారో ఊహించుకోండి. కరీంనగర్‌లో 2020లో ఐటీ టవర్ తెరిచారు. జిల్లాల్లోంచే సాఫ్ట్‌వేర్ పని చేయొచ్చని అప్పుడు గట్టిగానే చెప్పారు. కరోనా తర్వాత కోరుట్ల, సిరిసిల్ల ఇళ్ల డాబాల మీద గదుల్లో కూర్చుని పని చేసేవాళ్లు నిజంగానే పెరిగారు. వాళ్లు వాడేది మొబైల్ హాట్‌స్పాట్. ఆ సలహాకు తోకగా "క్యాష్ కూడా లేపెయ్" అని ఒకటుంటుంది కదా, దానర్థం లైబ్రరీలన్నీ మళ్లీ డౌన్‌లోడ్ చేసుకొమ్మని. రోజు డేటా అక్కడికే చెల్లు. ఖర్చు పోయిందనేవాళ్లు ఒకటి ఒప్పుకోవాలి: అది ఎక్కడికీ పోలేదు, బలహీనమైన యంత్రం, బలహీనమైన నెట్‌వర్క్ ఉన్నవాడి నెత్తిన పడింది.

యంత్రాలకు ఏ కొదవా లేనివాళ్లు ఏం చేశారో కూడా చూడాలి. క్రోమియం బ్రౌజర్ మీద పని చేస్తున్న ఈవన్ మార్టిన్ నింజాను ఎందుకు రాశాడో దాని మాన్యువల్లోనే ఉంది. 30,000కు పైగా మూల ఫైళ్లున్న ఆ ప్రాజెక్టులో ఒక్క ఫైలు మార్చి బిల్డ్ కొడితే, పని మొదలవడానికే పాత పద్ధతుల్లో పది సెకన్లు పట్టేది. నింజాలో ఒక సెకను కూడా పట్టదు. ప్రపంచంలోని సర్వర్లు సగం తమవే అన్నట్టుండే గూగుల్‌లో ఒక ఇంజినీరు పది సెకన్ల ఆలస్యాన్ని భరించలేక కొత్త పనిముట్టే తయారు చేశాడు. మనమేమో రెండు గంటలు పోతే "చవకే కదా" అంటున్నాం.

సరే, డబ్బు, టైము పక్కన పెడదాం. మొదటి నుంచి కడితే కనీసం సరైన ఫలితం వస్తుంది కదా అంటారు. ఇది వాళ్ల అసలు కోట. దీన్నీ పడగొట్టాలి.

పాత ఫైలు మిగిలిపోయి తప్పు ఫలితం వచ్చిందంటే, పట్టికలో ఒక ఆధారం రాయలేదని అర్థం. ఫలానా హెడర్ ఫైలు ఫలానా స్కీమా ఫైలు నుంచి పుడుతుందని చెప్పాల్సిన చోట చెప్పలేదు. లేపేసి మళ్లీ కడితే ఆ ఖాళీ పూడుతుందా? పట్టికలో ఖాళీ అలాగే ఉంటుంది. రేపు స్కీమా మార్చిన మరొకడికి మళ్లీ అదే ఎర్రర్, మళ్లీ అదే సలహా. పైగా ఒక ఆధారం రాయని పట్టికతో మొదటి నుంచి కట్టినా సరైన ఫలితం వస్తుందనే హామీ లేదు. ఇప్పటి బిల్డ్‌లు పనులను ఒకేసారి పది పదిహేను దారుల్లో నడిపిస్తాయి. హెడర్ పుట్టడానికి ముందే దాన్ని వాడే ఫైలు కంపైల్ మొదలైతే ఎర్రర్. తర్వాత మొదలైతే అంతా బాగు. నేను ఒకప్పుడు పని చేసిన కంపెనీలో సరిగ్గా ఇదే జరిగేది. తక్కువ కోర్లున్న ల్యాప్‌టాప్ మీద పనులు నెమ్మదిగా క్యూలో నడిచేవి గనుక హెడర్ సమయానికి తయారయ్యేది. ఎక్కువ కోర్లున్న బిల్డ్ సర్వర్ మీద మాత్రం నాలుగైదు సార్లకొకసారి విరిగేది. అదీ ఖాళీ ఫోల్డర్‌లోంచి మొదలుపెట్టినప్పుడే, పాత హెడర్ ఉంటే దాన్ని వాడేసుకుని దాటేసేది! మా వాళ్లు దానికి కనిపెట్టిన మందు ఏమిటంటే, విరిగితే బిల్డ్‌ను తనంతట తానే ఇంకోసారి కొట్టే స్క్రిప్టు. ఆ స్క్రిప్టు రాయడానికి పట్టిన టైములో పట్టికలో ఆ ఒక్క వరుస రాసేయొచ్చు. ఎవరూ రాయలేదు, ఎందుకంటే బిల్డ్ ఫైలు ఎవరి పనీ కాదు.

సిరిసిల్లలో సాంచా (మరమగ్గం) మీద పోగులు చుట్టిన బీము అయిపోతే కొత్త బీము పోగులను పాత పోగుల కొసలకు అతుకుతారు. నడుస్తూ నడుస్తూ పోగు తెగితే ఆ పోగునే అతుకుతారు. ఒకే చోట మాటిమాటికీ తెగుతుంటే పన్నెలో ఎక్కడ గరుకుందో చూస్తారు. తెగినప్పుడల్లా బీము మొత్తం దించి కొత్తది ఎక్కించమనే మనిషిని ఏ ఆసామీ పనిలో ఉంచుకోడు. మన దగ్గర అలాంటివాణ్ని టెక్ లీడ్‌ను చేస్తున్నాం.

తప్పు పట్టికలోనే ఉందనే ఈ మాట నేను కొత్తగా అంటున్నది కాదు. ఆస్ట్రేలియాకు చెందిన పీటర్ మిల్లర్ 1990ల చివర్లోనే ఒక పత్రం రాశాడు. ప్రాజెక్టును ఫోల్డర్లుగా చీల్చి ఒక్కో ఫోల్డర్‌లో విడివిడిగా మేక్ నడిపితే ఏ మేక్‌కూ మొత్తం పట్టిక కనిపించదని, కనిపించని ఆధారాల కోసం జనం అక్కర్లేని పనులు చేయించడం, కావాల్సిన పనులు మానేయడం రెండూ జరుగుతాయని చూపించాడు. తప్పు పనిముట్టుది కాదు, మనం దానికి అరకొర సమాచారం ఇచ్చాం అన్నదే ఆయన వాదన. ఆ పత్రం పేరు చాలామందికి తెలుసు. చదివినవాళ్లు తక్కువ.

సీమేక్ వాడేవాళ్లకు ఇంకో ఉదాహరణ. ఫోల్డర్‌లోని ఫైళ్లన్నిటినీ ఒక్క వరుసలో ఏరుకునే గ్లాబ్ అనే సదుపాయం దాన్లో ఉంది. చేత్తో పేర్లు రాసే బాధ తప్పుతుందని అందరూ దాన్నే వాడతారు. కొత్త ఫైలు చేర్చి బిల్డ్ కొడితే అది పట్టికలోకి రాదు. మనం రాసిన వివరణ మారలేదు గనుక పట్టిక మళ్లీ పుట్టించాలని జనరేటర్‌కు తెలిసే దారి లేదు. మూల ఫైళ్ల జాబితా కోసం గ్లాబ్ వాడొద్దని సీమేక్ పత్రాల్లోనే రాసి ఉంది. 2018లో వచ్చిన 3.12 వెర్షన్‌లో ప్రతిసారీ జాబితాను మళ్లీ చూసుకునే ఏర్పాటు చేర్చారు, అదీ అన్ని చోట్లా నమ్మకంగా పని చేస్తుందని చెప్పలేమని పక్కనే హెచ్చరించారు. ఇంత వివరంగా రాసి పెట్టినా మన గ్రూపుల్లో ఆ సమస్యకు దొరికే జవాబు "లేపేసి కొట్టు" మాత్రమే. 3.24 వెర్షన్‌లో పాత క్యాష్ వదిలేసి మొదటి నుంచి మొదలుపెట్టే ఆప్షన్ వచ్చింది కదా, పనిముట్టు రాసినవాళ్లే ఒప్పుకున్నారు కదా అని ఒకాయన నాతో వాదించాడు. అంబులెన్సు ఉంది కదా అని బ్రేకులు పీకేయం కదా అన్నాను. నచ్చలేదు.

దీనికి పూర్తిగా ఎదురు కొసన ఇంకో వర్గం ఉంది. వీళ్లు పుట్టిన ఫైళ్లను కూడా కోడ్ భద్రపరిచే గిట్‌లో పెట్టేస్తారు, ఇక వాటిని ఎవరూ ముట్టుకోవద్దంటారు. పైకి రెండు వర్గాలూ తగువులాడుకుంటున్నట్టే ఉంటుంది. లోపల ఇద్దరి నమ్మకం ఒకటే: బిల్డ్ ఫైలు అర్థం చేసుకోవాల్సిన వస్తువు కాదు. వీళ్ల పద్ధతిలో వచ్చే చిక్కు ఆటోకాన్ఫ్ వాడినవారందరికీ అనుభవమే. గిట్ ఫైళ్ల పాత టైమును భద్రపరచదు, దింపుకున్న క్షణాన్నే వేస్తుంది. దాంతో ఏది ముందు పుట్టిందో తారుమారై, ఆటోకాన్ఫ్ పుట్టించిన కాన్ఫిగర్ స్క్రిప్టు పాతబడిందని మేక్ అనుకుంటుంది. దాన్ని మళ్లీ పుట్టించబోయి ఫలానా వెర్షన్ ఎక్‌లోకల్ అనే సహాయక పనిముట్టు మీ దగ్గర లేదని ఆగిపోతుంది. ఉన్న వెర్షన్‌తో పుట్టిస్తే మనం మార్చింది ఒక వరుస, కాన్ఫిగర్‌లో మారేది వేల వరుసలు. జీసీసీ కంపైలర్ ప్రాజెక్టు ఏళ్ల తరబడి పుట్టిన ఫైళ్లను రిపాజిటరీలోనే ఉంచుతోంది, కానీ గుడ్డిగా కాదు. ఆటోకాన్ఫ్ సరిగ్గా 2.69, ఆటోమేక్ సరిగ్గా 1.15.1 వాడాలని 2018 నుంచి నియమం పెట్టుకున్నారు. ఇటీవల ఆ ఫైళ్లను మళ్లీ పుట్టించి, రిపాజిటరీలో ఉన్నవాటితో అక్షరం తేడా వచ్చినా పట్టుకునే బాట్‌ను కూడా నడుపుతున్నారు. గిట్‌లో పెట్టడం, పెట్టకపోవడం నాకు పట్టదు. పెట్టినదానికి కాపలా ఉందా లేదా అన్నదే నా ప్రశ్న.

ఇక తెలుగువాళ్లకు సూటిగా తగిలే సంగతి. గ్నోమ్, లిబ్రెఆఫీస్ వంటి వాటిని తెలుగులోకి తెచ్చినవాళ్లు చాలామంది ఏ జీతమూ లేకుండా రాత్రిళ్లు కూర్చుని చేశారు. వాళ్ల పని ఉండేది పీఓ అనే అనువాద ఫైళ్లలో. ప్రోగ్రామ్‌లోని ఇంగ్లిష్ వాక్యాలన్నీ ఏరి జనరేటర్ ఒక మూసను పుట్టిస్తుంది, ఆ మూసను తెలుగు పీఓ ఫైలుతో కలుపుతుంది. బాగానే ఉంది. కానీ ప్రతి వాక్యం పక్కన అది ఏ ఫైల్లో ఏ వరుసలో ఉందో కూడా రాస్తుంది. ఎవరో ప్రోగ్రామర్ పైన ఒక వరుస చేర్చితే కింద వందలాది వాక్యాల వరుస సంఖ్యలన్నీ మారిపోతాయి. పుట్టిన తేదీ కూడా ప్రతిసారీ మారుతుంది. జీఎన్‌యూ గెట్‌టెక్స్ట్ మామూలు ఏర్పాటులోనైతే విడుదల కోసం ప్యాకేజీ కట్టే ఆదేశం ఇవ్వగానే అన్ని భాషల ఫైళ్లనూ తిరగరాసి కూర్చుంటుంది. తెలుగు అనువాదకుడు నెలరోజులు కష్టపడి మార్చి పంపిన ఫైలు ఇంతలో తిరగరాసిన ఫైలుతో ఢీకొంటుంది. ఒక్క తెలుగు మాటా మారకుండా వేల వరుసల తేడా. దాన్ని విడదీయడం ఆ ఉచిత సేవకుడి పనే.

ఇంతకన్నా ఘోరం ఇంకొకటి. ఇంగ్లిష్ వాక్యంలో ఒక కామా చేర్చారనుకోండి. కలిపే పనిముట్టు పాత తెలుగు అనువాదాన్ని ఉంచుతుంది గానీ దాని మీద ఫజీ అనే ముద్ర వేస్తుంది, అంటే సరిచూసుకోండి అని. చివర్లో ప్రోగ్రామ్‌లోకి ఎక్కించే పనిముట్టు ముద్ర ఉన్నవాటిని వదిలేస్తుంది. ఫలితంగా మెనూలో నిన్నటిదాకా తెలుగు చూసినాయనకు ఇవాళ ఇంగ్లిష్ కనిపిస్తుంది. తెలుగు అనువాదం ఫైల్లో భద్రంగానే ఉంటుంది, కనిపించదు. "తెలుగు ఇంటర్‌ఫేస్ సగం సగం ఉంటుంది, ఎందుకు వాడాలి" అనేవాళ్లలో కొందరు చూసింది ఇదేనని నా అనుమానం. వరుస సంఖ్యలు రాయకుండా ఫైలు పేరు మాత్రమే రాసే ఆప్షన్ గెట్‌టెక్స్ట్‌లో ఉంది. విడుదలప్పుడు పీఓ ఫైళ్లను ముట్టుకోవద్దని చెప్పే వరుస కూడా మేక్‌వార్స్ అనే ఫైల్లో రాసుకోవచ్చు. పెద్ద విద్యేమీ అక్కర్లేదు. ఆ ఫైలు తెరిచి చూసేవాళ్లు కావాలి.

ఎవరూ చూడకపోతే ఏమవుతుందో 2024లో లోకమంతా చూసింది. ఎక్స్‌జెడ్ అనేది ఫైళ్లను కుదించే చిన్న లైబ్రరీ, దాదాపు ప్రతి లినక్స్‌లోనూ ఉంటుంది. జియా టాన్ అనే పేరుతో ఒక వ్యక్తి రెండేళ్లకు పైగా మంచిగా పని చేసి నిర్వాహకుడి నమ్మకం సంపాదించాడు. అసలు పేరేమిటో నేటికీ తెలియదు. 5.6.0, 5.6.1 వెర్షన్లలో అతను దొంగదారి పెట్టాడు. దాన్ని కోడ్‌లో పెట్టలేదు. విషాన్ని పరీక్షల కోసం ఉంచే పాడైన ఫైళ్ల ముసుగులో దాచి, దాన్ని బయటికి తీసే తాళంచెవిని బిల్డ్‌లో పెట్టాడు. ఆ తాళంచెవి బిల్డ్-టు-హోస్ట్ అనే ఎం4 ఫైలు, ఆటోకాన్ఫ్ చదువుకునేది, అందరూ అనేక ప్రాజెక్టుల్లో కాపీ చేసుకునే రకం. మార్చిన ఆ ఫైలు గిట్‌లో లేదు, విడుదల చేసిన టార్ మూటలో మాత్రమే ఉంది. మూటలో గిట్‌లో లేని ఫైళ్లు ఉండటం ఆటోకాన్ఫ్ లోకంలో మామూలే గనుక ఎవరికీ అనుమానం రాలేదు. మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ ఇంజినీరు దాన్ని బయటపెట్టాడు. ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటి అని కూపీ లాగితే బయటపడిందిది. అర సెకను! మన సిద్ధాంతం ప్రకారం ఆయన మిషన్ లేపేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవాలి.

ఇక్కడే లేపుడు వర్గం వాళ్లు ఎగిరి గంతేస్తారు. చూశారా, పుట్టిన ఫైళ్లను నమ్మకుండా అన్నీ మళ్లీ పుట్టించి ఉంటే ఈ ఆపద తప్పేది అంటారు. తప్పేది కాదు. ఎం4 ఫైళ్లకు సీరియల్ నంబర్లు ఉంటాయి, మళ్లీ పుట్టించేటప్పుడు పెద్ద నంబరున్నదే కొత్తదని పనిముట్టు నమ్ముతుంది. దొంగ ఫైలుకు అసలు దాని కన్నా పెద్ద నంబరు వేసి పెట్టాడు అతను. డెబియన్ లినక్స్‌లో ప్యాకేజీలు కట్టేటప్పుడు కాన్ఫిగర్‌ను మళ్లీ పుట్టించడం చాలా ఏళ్లుగా అలవాటే. అయినా దొంగదారి వాళ్ల పరీక్షా వెర్షన్లలోకి ఎక్కింది. చదవకుండా మళ్లీ పుట్టించడమంటే దొంగ రాసిచ్చిన కాగితాన్ని శుభ్రంగా ఫెయిర్ కాపీ చేయడమే. అదే మనిషి సీమేక్ ఫైల్లో ఇంకో పని చేశాడు. ల్యాండ్‌లాక్ అనే రక్షణ ఏర్పాటు యంత్రంలో ఉందో లేదో చూసే చిన్న పరీక్షా ప్రోగ్రామ్‌లో ఒక్క చుక్క పెట్టాడు. దాంతో ఆ పరీక్ష ఎప్పుడూ కంపైల్ కాదు, రక్షణ ఎప్పుడూ లేనట్టే లెక్క. ఆ చుక్క గిట్‌లో అందరి కళ్ల ముందే ఉంది. బిల్డ్ ఫైలు మార్పును వరుస వరుసా చదివే అలవాటు మనకు లేదని అతనికి బాగా తెలుసు.

మరి ఏం చేయాలి అంటారా? లినక్స్ కెర్నెల్ వాళ్లు పుట్టించాల్సిన ఫైలును ముందు పక్కన పుట్టిస్తారు, ఉన్నదానితో పోల్చి తేడా ఉంటేనే మారుస్తారు. తేడా లేకపోతే పాత ఫైలు టైము చెక్కు చెదరదు, కింద ఏదీ మళ్లీ కట్టక్కర్లేదు. జీసీసీలో ఇదే పని చేసే చిన్న స్క్రిప్టు ఎంతో కాలంగా ఉంది. నింజాలో ఇందుకు ఒక మాట రాస్తే చాలు. జనరేటర్ వెర్షన్ ఫలానాదే అని ప్రాజెక్టులో రాసి పెట్టండి. బిల్డ్ అయిన వెంటనే ఏమీ మార్చకుండా మళ్లీ కొట్టండి. చేయడానికేమీ లేదు అని రావాలి. ఏదో కడుతోందంటే మీ పట్టికలో తప్పుంది, ఇప్పుడే వెతకండి. ఈ ఒక్క పరీక్షను సర్వర్ మీద పెడితే మన ప్రాజెక్టుల్లో సగం కంపు బయటపడుతుంది, అందుకే పెట్టరేమో.

లేపడం ఎప్పుడూ తప్పే అనడం లేదు. కంపైలర్ మారినప్పుడు, డిస్క్ చెడినప్పుడు, కస్టమర్‌కు ఇచ్చే తుది విడుదల కట్టేటప్పుడు ఖాళీ ఫోల్డర్ నుంచి మొదలుపెట్టడమే పద్ధతి. 2013లో డెబియన్‌లో మొదలైన రిప్రొడ్యూసిబుల్ బిల్డ్స్ ప్రయత్నంలో ఒకే మూలాన్ని రెండుసార్లు మొదటి నుంచి కడతారు. కట్టి, రెండు ఫలితాలనూ బిట్టు బిట్టుగా పోలుస్తారు. తేడా వస్తే ఎందుకు వచ్చిందని తవ్వుతారు. వాళ్లు మళ్లీ కట్టేది తప్పు దొరకబట్టడానికి. మన గ్రూపుల్లో మళ్లీ కట్టేది తప్పు కంట పడకుండా చేసుకోవడానికి.

కాబట్టి టీములు నడిపే అన్నలకు, అక్కలకు నా విన్నపం ఒక్కటే. రేపు ఒక కొత్త పిల్ల వచ్చి బిల్డ్ విరిగిందంటే "లేపెయ్" అనకండి. ఆ ఫోల్డర్‌ను అలాగే ఉంచమనండి, వీలైతే కాపీ తీసి పెట్టమనండి. నింజా అయితే ‘-డి ఎక్స్‌ప్లెయిన్’, మేక్ అయితే ‘--ట్రేస్’ పెట్టి కొట్టమనండి. ఏ ఫైలు ఎందుకు పాతబడిందని అది అనుకుంటోందో అక్కడే రాసి చూపిస్తుంది. ఆ అవుట్‌పుట్ పంపమనండి, పక్కన కూర్చుని చదవండి. తప్పిపోయిన ఆ ఒక్క వరుసను ఆ పిల్ల చేతే రాయించి, ఆ పిల్ల పేరు మీదే కమిట్ చేయించండి.